ట్రీ స్టాండ్ (చెట్టుకి కట్టుకునే మంచె) ఎక్కకుండా నేల మీదే కూర్చుని విల్లుతో జింకని కొట్టొచ్చా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ. న్యూజెర్సీలో ఉంటున్నారు, పోయినేడు కాంపౌండ్ బో (రెండు చివర్లా చక్రాలుండే విల్లు) కొన్నారు, బో కోర్సు చేసి లైసెన్స్ తీసుకున్నారు, 20 గజాల్లో గురి బానే కుదురుతోంది. కానీ ఎత్తంటే కళ్ళు తిరుగుతాయి, ఇంట్లో కూడా చెట్టెక్కడానికి ససేమిరా అంటున్నారు. ఆర్చరీ రేంజ్‌లో పెద్దాళ్ళేమో స్టాండ్ ఎక్కలేనోడు విల్లు గోడకి తగిలించుకోవడమే అన్నారు. నిజంగా నేల మీద నుంచి పని అవుతుందా, బ్లైండ్ (దాక్కునే గుడారం) సంగతేంటి అని.

అవుతుంది. నేను పన్నెండు సీజన్ల నుంచి విల్లుతో వేటాడుతున్నా, మొదటి మూడేళ్ళు చెట్టు మీద, మిగతా తొమ్మిదేళ్ళు నేల మీదే. ఈ తొమ్మిదేళ్ళలో ఎనిమిది జింకలు ఇంటికొచ్చాయి, రెండేళ్ళు ఉత్త చేతులే. చెట్టు మీద ఉండుంటే ఇంకో నాలుగైదు ఎక్కువ వచ్చేవేమో, అది దాచను. కానీ విల్లు గోడకి తగిలించాల్సిన పరిస్థితి మాత్రం కాదు.

అయితే ఒక్క విషయం బుర్రలో తిరగబడాలి. చెట్టు మీద కూర్చునేవాడు జింక ఎటు నుంచి వస్తుంది అని చూసుకుని కూర్చుంటాడు. నేల మీద కూర్చునేవాడు నేను నారి ఎప్పుడు లాగుతాను, ఆ క్షణంలో దాని కన్ను ఎక్కడుంటుంది అని చూసుకుని కూర్చోవాలి. మిగతావన్నీ దీని తర్వాతే. బ్లైండ్, గిల్లీ సూట్ (ఒళ్ళంతా ఆకులు కట్టుకున్నట్టుండే బట్టలు), వాసన స్ప్రేలు అన్నీ కొని ఈ ఒక్కటీ ఆలోచించకపోతే సీజనంతా జింకల తెల్లతోకలు చూసి ఇంటికి రావడమే.

నేనెందుకు చెట్టు దిగానో ముందు చెప్తా. ట్రీ స్టాండ్ అంటే ఏముంది, మన జొన్నచేలో పిట్టలు తోలడానికి వేసే మంచె లాంటిదే, కాకపోతే 18 అడుగుల ఎత్తులో ఒక్క చెట్టుకి బెల్టుతో కట్టేసి ఉంటుంది. మూడో ఏడు నవంబర్‌లో సాయంత్రం చీకట్లో దిగుతుంటే మెట్ల కర్ర బెల్టు జారింది. ఒంటికి పూర్తి హార్నెస్ ఉంది, తాడు పట్టుకుంది, ఒకటి రెండు నిమిషాలు అలా వేలాడి చెట్టుని కౌగిలించుకుని దిగా. పక్కటెముకలు నెల రోజులు నొప్పి. బెల్టు పాతదైపోయిందని చూసుకోకపోవడం నా తప్పే. హార్నెస్ లేకుండా ఎక్కేవాళ్ళని ఇప్పటికీ చూస్తుంటా, వాళ్ళకి దండం. ఇంట్లో మా ఆవిడకి ఈ సంగతి చెప్పడానికి నాకు రెండేళ్ళు పట్టింది, అందుకని మీ ఇంట్లో వద్దంటున్నారంటే నాకు వింతేం కాదు.

పైగా ట్రీ స్టాండ్ పుట్టాకే జనం విల్లు పట్టలేదు కదా. 1911లో కాలిఫోర్నియాలో అడవిలోంచి బయటికొచ్చిన ఇషీ అనే యాహీ ఆదివాసీ తెగ మనిషి, ఆయన దగ్గర విల్లు నేర్చుకున్న డాక్టర్ సాక్స్‌టన్ పోప్, వీళ్ళంతా నేల మీదే వేటాడారు. మిషిగన్‌లో విల్లుల ఫ్యాక్టరీ నడిపిన ఫ్రెడ్ బేర్ కూడా ఎక్కువ వేట నేల మీదే చేశాడు. మా సొంతూరు మార్కాపురం దగ్గర, చిన్నప్పుడు శ్రీశైలం బస్సులో పోతుంటే రోడ్డు పక్కన విల్లు భుజానేసుకున్న చెంచు పెద్దాయనలు కనపడేవాళ్ళు, వాళ్ళకెక్కడివి స్టాండ్లు. (అది చూసి ఇండియా వెళ్ళినప్పుడు ఎవరికీ వెర్రి ఊహలు రాకూడదు, అక్కడ 1972 వన్యప్రాణి చట్టం కింద దుప్పిని గానీ కృష్ణజింకని గానీ ముట్టుకుంటే జైలే. నేను చెప్పేదంతా ఇక్కడి వైట్‌టెయిల్ (తెల్లతోక జింక) గురించి, లైసెన్స్ ఉండి, సీజన్‌లో.)

ఇప్పుడు అసలు సంగతి. 

ముందు రూలు చూసుకోండి, ఎందుకంటే న్యూజెర్సీలో నేల మీద కూర్చుంటే దూరం లెక్క మారిపోతుంది. అక్కడ ఇళ్ళకి 150 నుంచి 450 అడుగుల మధ్యలో విల్లుతో వేటాడాలంటే ఎత్తులో కూర్చుని బాణం కిందికే వెయ్యాలి. నేల మీద నుంచి అయితే 450 అడుగులు దూరం ఉండాల్సిందే. అంటే హంటర్‌డన్ కౌంటీలో ఇళ్ళ వెనక ఉండే చిన్న చిన్న అడవి ముక్కల్లో స్టాండ్ వేసినవాడికి కుదిరిన చోటు మీకు కుదరకపోవచ్చు. మొదట్లో నాకిది తెలీక, తెలిసినాయన పెరటి అడవిలో మంచి చోటు చూసుకుని కొమ్మలు కూడా కత్తిరించి రెడీ అయిపోయా, తర్వాత ఫోన్ మ్యాప్‌లో కొలిస్తే పక్కింటికి 300 అడుగులు. పని మొత్తం దండగ. మీరు పెన్సిల్వేనియా వైపు కూడా వెళ్తారేమో, అక్కడ స్టేట్ గేమ్ ల్యాండ్స్ (వేటకి వదిలిన ప్రభుత్వ భూములు) బోలెడన్ని ఉన్నాయి, రూల్స్ వేరు, మేత వేయడం లాంటివి న్యూజెర్సీలో కుదిరినా అక్కడ చాలాచోట్ల కుదరవు. ప్రతి ఏడూ కొత్త రూల్స్ పుస్తకం ఒకసారి చదవండి. ఇంకోటి, ఆదివారం మనబోటి ఐటీ వాళ్ళకి ముఖ్యం కాబట్టి, న్యూజెర్సీలో విల్లుకి ఆదివారం ప్రైవేట్ భూముల్లోనూ స్టేట్ వైల్డ్‌లైఫ్ మేనేజ్‌మెంట్ ఏరియాల్లోనూ పర్మిషన్ ఉంది.

సరే, జింక సంగతి. దాని కళ్ళు తలకి రెండు పక్కలా ఉంటాయి, దాదాపు 300 డిగ్రీలు చుట్టూ కనపడుతుంది. కానీ మనకి కనపడినంత స్పష్టంగా కాదు, రంగులు కూడా మనలా కాదు. ఆరెంజ్, ఎరుపు దానికి ఆకుపచ్చలోనే కలిసిపోతాయి. నీలం మాత్రం బాగా కొట్టొచ్చినట్టు కనపడుతుంది. అందుకే జీన్స్ ప్యాంటు వేసుకుని పైన వంద డాలర్ల కామో (అడవి రంగుల్లో కలిసిపోయే) జాకెట్ వేసుకుంటే నవ్వొస్తుంది నాకు. అలాగే బట్టలు తెల్లగా మెరవాలని సబ్బుపొడిలో వేసే బ్రైటెనర్లు ఉంటాయి చూడండి, అవి జింక కంటికి మెరుస్తాయి. వేట బట్టలు వేరే సబ్బుతో ఉతకాలి. గన్ సీజన్ కలిసే రోజుల్లో ఆరెంజ్ వేసుకోవాల్సి వస్తే దిగులు పడకండి, జింకకి దాంతో పెద్ద తేడా లేదు, బ్లైండ్‌లో ఉంటే బ్లైండ్ పైన కూడా ఆరెంజ్ కట్టండి, అవతలి వేటగాడికి మీరు కనపడాలి కదా.

కానీ కదలిక. కదలిక మాత్రం దానికి ఇట్టే తెలిసిపోతుంది. మొదటి ఏడు నేల మీద ఏం జరిగిందో చెప్తా, నాకిప్పటికీ గుర్తే. అక్టోబర్ చివరి వారం, తెల్ల ఓక్ చెట్టుకి ఆనుకుని చిన్న స్టూల్ మీద కూర్చున్నా, ముందు ఏం అడ్డం లేదు, మంచి కామో, గాలి కరెక్టు. ఓ ఆడజింక ఓక్ కాయలు ఏరుకుంటూ నేరుగా 12 గజాల దాకా వచ్చేసింది. కాయ కొరికితే టక్కుమని చప్పుడు కూడా వినపడుతోంది. తల దించింది కదా అని నారి లాగడం మొదలుపెట్టా. సగం లాగానో లేదో తల ఎత్తింది. అంతే, ఇద్దరం ఒకరినొకరు చూసుకుంటున్నాం, నా చేయి సగంలో వణుకుతోంది. ముందుకాలితో నేల మీద టప్ టప్‌మని కొట్టింది, తల దించినట్టు దించి మళ్ళీ చటుక్కున ఎత్తింది (ఇది దాని పాత నాటకం, మనం కదులుతామేమో చూడటానికి), ఫుస్ అని ముక్కుతో ఊదింది, తోక ఎత్తి పోయింది. చుట్టుపక్కల అర మైలు అడవికి కబురు చెప్పేసింది.

తప్పు ఎక్కడ? కామో కాదు, గాలి కాదు. దానికీ నాకూ మధ్య ఏమీ లేని చోట నారి లాగాల్సి వచ్చేలా కూర్చున్నా. అంతే.

ఆ తర్వాత నుంచి నా పద్ధతి ఇదీ. వేసవిలోనో సెప్టెంబర్‌లోనో స్పాట్ చూడ్డానికి వెళ్ళినప్పుడు ముందు జింక బాట చూస్తా, కాళ్ళ ముద్రలు, పెంటికలు, మగజింకలు కొమ్ములు రాసిన రాపిడి చెట్లు. బాట దొరికాక బాట వెంట చూడను, బాట మీద జింక తల కనపడకుండా పోయే చోటు వెతుకుతా. లావు చెట్టు మొదలో, పడిపోయిన మాను వేర్ల గుట్టో, రాతిగోడో, చిన్న దిబ్బో. జింక ఆ అడ్డం వెనక్కి వెళ్ళినప్పుడు నేను నారి లాగుతా, అవతల వైపు బయటికొచ్చేసరికి పూర్తిగా లాగి ఉంటా. ఆ అడ్డం నుంచి 15, 20 గజాల్లో, కొంచెం వెనకగా కూర్చునే చోటు దొరికితే అదే నా సీటు. దొరక్కపోతే ఆ బాట ఎంత బాగున్నా వదిలేస్తా. చాలామంది ఇక్కడే మొండికేస్తారు, బాట బాగుంది కదా ఎలాగోలా అని.

ఇంకా, కాంపౌండ్ వాడుతున్నారు కాబట్టి మీకో సౌకర్యం ఉంది. 60 పౌండ్ల విల్లుకి 80 శాతం లెట్-ఆఫ్ (పూర్తిగా లాగాక తగ్గిపోయే బరువు) ఉంటే పూర్తిగా లాగాక చేతిలో ఉండేది 12 పౌండ్లే, నిమిషం దాకా పట్టుకోవచ్చు. అందుకని తొందరగా లాగేసి ఆగండి, ఆలస్యంగా లాగడం కన్నా ఎప్పుడూ అదే మేలు. చక్రాల్లేని పాతకాలపు లాంగ్ బో వాళ్ళకి ఆ వెసులుబాటు లేదు పాపం. అసలు కదలికే వద్దనుకుంటే రెండు రాష్ట్రాల్లోనూ క్రాస్‌బో (తుపాకీలా పట్టుకునే అడ్డవిల్లు) కూడా ఒప్పుకుంటారు, దాంట్లో నారి ముందే లాగి ఉంటుంది, గోలే లేదు. నాకు అది మనసొప్పదు, అది నా గోల.

రెండోది వెనక ఏముందన్నది. కొత్తవాళ్ళంతా ముందు దాక్కోవాలనుకుంటారు. ముందు మోకాళ్ళ ఎత్తు పొద ఉంటే చాలు. వెనక మాత్రం మీ భుజాల కన్నా వెడల్పు, తల కన్నా ఎత్తు ఉన్న చీకటి లాంటిది ఉండాలి, లావు మాను గానీ హెమ్లాక్ (పైన్ లాంటి చెట్టు) గుబురు గానీ. వెనక ఆకాశం కనపడితే మీరు గోడ మీద బొమ్మలా ఉంటారు. సూర్యుడు కూడా మీ ముఖాన కాక వెనక నుంచో పక్క నుంచో పడాలి. ముఖానికి మాస్కు వేయండి, చేతులకి పల్చటి గ్లవ్స్. తెలుగోళ్ళం నల్లగానే ఉంటాం కదా ఏం పర్లేదు అనుకోకండి, చెమట పట్టిన నుదురు ఏ రంగైనా మెరుస్తుంది.

కూర్చోబోయే చోట అరగంట ముందు వెళ్ళి కాళ్ళ కింద ఆకులన్నీ మట్టి కనపడేదాకా చీపురుతో ఊడ్చినట్టు ఊడ్చెయ్యండి. ఒక్క ఎండాకు కాలి కింద చప్పుడు చేస్తే చాలు. నేను ఓ చిన్న పిల్లల గార్డెన్ రేక్ బ్యాగులో పెట్టుకు తిరుగుతా, చూసినవాళ్ళు నవ్వుతారు.

గాలి. ఇది చెట్టు మీద కన్నా నేల మీద పదిరెట్లు ముఖ్యం. 20 అడుగుల ఎత్తులో ఉంటే మీ వాసన కొన్నిసార్లు జింక తల మీదుగా వెళ్ళిపోతుంది. నేల మీద ఉంటే దాని ముక్కు ఎత్తులోనే మీ వాసన ప్రయాణం. వాసన పోగొట్టే స్ప్రేలు, కార్బన్ బట్టలు అంటూ అమ్ముతారు, నా అనుభవంలో గాలి తప్పుగా ఉంటే ఏదీ కాపాడలేదు. మన ఇళ్ళల్లో ఇంకోటి కూడా ఉంది, పోపు. ఇంగువ, వెల్లుల్లి, వేయించిన ఎండుమిరపకాయ వాసన బట్టల్లోంచి వారం పోదు. నా వేట బట్టలు ఇంట్లోకే రావు, మూతున్న ప్లాస్టిక్ డబ్బాలో గరాజ్‌లో ఉంటాయి, వేసుకోవడం కూడా అడవి దగ్గర కారు పక్కనే. కొబ్బరినూనె రాసుకుని వచ్చిన మా కజిన్ ఒకడున్నాడు, వాడి సంగతి ఇంకోసారి.

గాలి చూడ్డానికి పౌడర్ బాటిల్ అమ్ముతారు, అది మీ దగ్గర గాలి మాత్రమే చెప్తుంది. దానికన్నా మిల్క్‌వీడ్ దూది మంచిది. మన జిల్లేడుకి చుట్టమే అది, జిల్లేడు కాయ పగిలితే దూది పింజలు ఎగురుతాయి కదా చిన్నప్పుడు ఊదేవాళ్ళం, అచ్చం అదే. సెప్టెంబర్ ఆఖర్లో రోడ్డు పక్క కాయలు పండుతాయి, రెండు కోసి జేబులో వేసుకోండి. ఒక పింజ వదిలితే 50, 60 గజాల దాకా ఎటు పోతోందో కంటికి కనపడుతుంది, లోయలోకి దిగి తిరగడం, మాను దగ్గర సుడి తిరగడం అన్నీ. మొదటిసారి అది చూసినప్పుడు నేను మూడేళ్ళు కూర్చున్న ఒక సీటు నుంచి నా వాసన చక్కర్లు కొట్టి నేరుగా జింకలు పడుకునే పొదల్లోకే పోతోందని తెలిసింది. నవ్వాలో ఏడవాలో తెలీలేదు.

కొండల్లో ఇంకో మెలిక. ఎండ ఎక్కాక నేల వేడెక్కి గాలి మెల్లగా పైకి ఎక్కుతుంది, సాయంత్రం చల్లబడగానే నీళ్ళలా వాలు వెంట కిందికి జారుతుంది. అందుకని పొద్దున, ఎండ తగిలాక, జింక కన్నా పైన కూర్చోవాలి గాని కింద ఉండకూడదు, సాయంత్రం ఏమో దాని కన్నా కిందుగా. గాలి గట్టిగా వీచే రోజు ఇదంతా లెక్కలోకి రాదు, నిదానంగా ఉన్న రోజే ఇది కొంప ముంచేది.

బ్లైండ్ గురించి మీరు అడిగారు, గొడుగులా విచ్చుకునే గుడారం ఉంటుంది కదా అది. పిల్లాడితో వెళ్తే అది లేకుండా కుదరదు, మా వాడు పదేళ్ళప్పుడు దాంట్లో కూర్చుని చిప్స్ తింటూనే జింకని చూశాడు. చలిలో, వానలో హాయి. కానీ పొద్దున తీసుకెళ్ళి పరిచి అదే రోజు జింక కొడదామనుకుంటే కష్టం. ఒకసారి గడ్డిమైదానం అంచున అలాగే వేశా, ఐదు జింకలు వచ్చి 60 గజాల్లో ఆగి, కొత్త ఇల్లు చూసినట్టు చూసి, చుట్టూ తిరిగి వెళ్ళిపోయాయి. అదే బ్లైండ్ అక్కడే మూడు వారాలు వదిలేసి, చుట్టూ ఆ చోటి కొమ్మలే గుచ్చితే, దాని పక్కనుంచే మేస్తూ పోయాయి. (పబ్లిక్ ల్యాండ్‌లో అలా వదిలేయొచ్చో లేదో ముందు కనుక్కోండి.)

లోపల నల్ల చొక్కా, నల్ల మాస్కు. కామో వద్దు, లోపల చీకటి కాబట్టి నలుపే కనపడదు. వెనక కిటికీలన్నీ మూసెయ్యాలి, రెండు వైపులా తెరిచి ఉంటే వెలుగులో మీ నీడ కదులుతుంది. ఇంకోటి ఎవరూ ముందు చెప్పరు, లోపల చీకటి వల్ల సైట్ పిన్నులు (విల్లు మీద గురి చూసే చుక్కలు) బయటికన్నా ఓ పావుగంట ముందే కనపడటం మానేస్తాయి, సాయంత్రం ఆఖరి పావుగంట మీకు ఉండదు అనుకోండి.

ఇక కిటికీ అంచు. ఇది నా నెత్తిన పడ్డ పాఠం. మీ కన్ను, సైటు పైన ఉంటాయి, బాణం నాలుగైదు అంగుళాలు కిందుగా ఉంటుంది. కంటికి జింక నిక్షేపంగా కనపడుతుంది, బాణం ముందు మాత్రం గుడ్డ ఉంటుంది. 16 గజాల్లో నిలబడ్డ మగజింక మీద నేను బాణం వదిలితే బర్రుమని బ్లైండ్ గుడ్డ జానెడు చిరిగింది, బాణం ఎటుపోయిందో ఇప్పటికీ దొరకలేదు, బక్ మాత్రం బతికి బట్టకట్టింది. అప్పటికి కొత్తదైన ఆ బ్లైండ్‌కి చిరుగు ఇప్పటికీ నల్ల టేపుతో అతికించి ఉంది. అందుకని పూర్తిగా లాగి, బాణం మొన కిటికీ అంచుకి పైనే ఉందో లేదో పక్కనున్నవాళ్ళతోనైనా చూపించుకోండి, ఇంటి దగ్గర పెరట్లో బ్లైండ్ వేసి స్టూల్ మీద కూర్చుని ప్రాక్టీస్ చెయ్యండి. కిటికీ వలలోంచి వేయాలంటే ఫిక్స్‌డ్ బ్లేడ్లే (కదలని బ్లేడ్లున్న బాణం మొన) వాడండి, మడత బ్లేడ్ల మెకానికల్ బ్రాడ్‌హెడ్ వల తగలగానే విచ్చుకుంటుంది.

ప్రాక్టీస్ మాట వచ్చింది కాబట్టి. నిలబడి 40 గజాలు కొడుతున్నా అని మురవకండి. మోకాళ్ళ మీద, స్టూల్ మీద, నడుం పక్కకి తిప్పి, అలా కొట్టండి. విల్లు కింద చక్రం తొడకి తగిలి బాణం అడ్డంగా పోతుంది, నాకు రెండుసార్లు అయింది, ప్రాక్టీస్‌లోనే కాబట్టి సరిపోయింది. పొట్టి విల్లు, 30, 32 అంగుళాలది, నేల మీద సుఖం. కుడిచేతి వాటం అయితే మీ ఎడమ భుజం బాట వైపు ఉండేలా కూర్చోండి, కుడివైపు నుంచి వచ్చే జింకకి తిరగడం చాలా కష్టం.

బాణం ఎక్కడ తగలాలి అన్నది నేల మీద నిజానికి సులువు. చెట్టు మీద నుంచి దగ్గర జింకని కొడితే బాణం నిటారుగా దిగి ఒక్క ఊపిరితిత్తే తగలొచ్చు, అలా తగిలిన జింక మైళ్ళు పోతుంది. నేల మీద నుంచి పక్కగా నిలబడ్డ జింకకి బాణం అడ్డంగా పోయి రెండు ఊపిరితిత్తులూ తెగుతాయి. పక్కగా గానీ, కొంచెం అటు తిరిగి గానీ ఉంటేనే వేయండి. మీ వైపు తిరిగి ఎదురుగా ఉంటే వద్దు, ఎంత దగ్గరున్నా వద్దు, భుజం ఎముక అడ్డం. నేల మీద ఈ ఎదురు నిలబడటం చాలాసార్లు జరుగుతుంది, ఎందుకంటే మనం బాట ఎత్తులోనే ఉంటాం. ఆగాలి. తిరిగితే తిరిగింది, లేకపోతే లేదు.

బాణం దారిలో గడ్డిపరకలు, సన్న పుల్లలు కూడా చూసుకోవాలి, పై నుంచి వేసేవాడికి ఈ బాధ ఉండదు. పుల్ల తగిలితే బాణం పక్కకి పోతుంది. అలాగే జింక వెనక ఏముందో చూడండి. చెట్టు మీద నుంచి బాణం చివరికి మట్టిలోనే దిగుతుంది, నేల మీద నుంచి జింకలోంచి దూసుకెళ్ళి ఇంకో యాభై గజాలు పోవచ్చు. వెనక దిబ్బ ఉంటే నాకు నిద్ర పడుతుంది.

నా దూరం నేల మీద 25 గజాలు, అంతకుమించి వేయను. దానికో కారణం ఉంది. సెకనుకి 280 అడుగుల వేగంతో పోయే బాణానికి 30 గజాలు పోవడానికి సెకనులో మూడోవంతు పడుతుంది. నారి చప్పుడు అంతకన్నా చాలా ముందే జింక చెవికి చేరుతుంది, ఉలిక్కిపడి దూకడానికి ముందు అది కాళ్ళు మడిచి కిందికి వంగుతుంది, బాణం వీపు మీదకి పోతుంది. నేల మీద జింకలు ఎక్కువసార్లు అనుమానంగా, చెవులు రిక్కించుకునే ఉంటాయి. ఐదో ఏడు 32 గజాల్లో ఇటే చూస్తున్న ఆడజింక మీద వేశా. ఎత్తుగా తగిలింది. ఆ రాత్రి, మర్నాడు సగం రోజు, నేనూ ఇంకో స్నేహితుడూ వెతికాం, దొరకలేదు. దాని వెంట ఒక పిల్ల కూడా ఉంది. ఆ సీజన్‌లో మళ్ళీ విల్లు తీయలేదు నేను.

కొట్టాక ఇంకో తేడా. చెట్టు మీద ఉన్నవాడికి జింక ఎటు పరిగెత్తిందో వంద గజాలు కనపడుతుంది. మనకి పదో ఇరవయ్యో గజాల్లో పొదల్లో మాయం. అందుకని కొట్టగానే కళ్ళు దాని మీదే ఉంచి ఆఖరిసారి కనపడిన చోట ఒక చెట్టు గుర్తు పెట్టుకోండి, ఫోన్‌లో దిక్సూచి చూసి డిగ్రీ రాసుకోండి, తర్వాత నోరు మూసుకుని వినండి. పడిన చప్పుడు వినపడితే అదృష్టం. రక్తం కూడా మొదటి 20, 30 గజాలు సరిగా కనపడదు, గాయం పక్కటెముకల మధ్య ఎత్తులో ఉంటుంది కాబట్టి లోపల నిండాక గాని బయటికి కారదు. దాంతో కంగారుపడి తగల్లేదనుకుంటారు. బాణం మీద గులాబీరంగు నురగ ఉంటే ఊపిరితిత్తులే, అరగంట ఆగి వెళ్ళండి. పచ్చగా, పేడ వాసన వస్తే పొట్ట, ఎనిమిది గంటలు కనీసం ఆగాలి, ముందే వెళ్తే లేచి పోతుంది.

అన్నీ కుదిరిన రోజు ఎలా ఉంటుందో కూడా చెప్పి ఆపుతా. పోయినేడు నవంబర్ రెండో వారం, పెన్సిల్వేనియాలో పైక్ కౌంటీ. పెద్ద హెమ్లాక్ వేళ్ళతో సహా పడిపోయి ఉంది, ఆ వేర్ల మట్టి గుట్ట నా కన్నా ఎత్తు, దాన్ని వీపుకి ఆనించి కూర్చున్నా. వాయవ్యం గాలి, బాట నాకు వాయవ్యంగానే, కుడి నుంచి ఎడమకి అడ్డంగా పోతుంది, మధ్యలో ఓ లావు బీచ్ చెట్టు. ఏడున్నరకి మూడు ఆడజింకలు వరసగా వచ్చాయి. మొదటి రెండింటినీ పోనిచ్చా, ముందున్నదాని మీద వేస్తే వెనకున్న రెండూ చూస్తాయి కదా. మూడోది తల బీచ్ వెనక్కి వెళ్ళగానే లాగా. అవతల నుంచి ముక్కు వచ్చింది, చెవులు వచ్చాయి, మెడ, అప్పుడు భుజం. ముందరి కాలు ముందుకేసింది. 18 గజాలు. బాణం తగిలిన చప్పుడు మాత్రమే నాకు గుర్తు, వదిలింది గుర్తు లేదు. అది 70 గజాల్లో పడింది, నలభై నిమిషాలు ఆగి వెళ్ళా. కొవ్వే ఉండదు ఆ మాంసానికి, మేక మాంసంలా వండితే గట్టిపడిపోతుంది, కుక్కర్‌లో నూనె కాస్త ఎక్కువేసి గోంగూరతో వండితే మాత్రం మా ఇంట్లో గిన్నె మిగలదు.

మర్చిపోయా, పిడుదులు. నేల మీద కూర్చునేవాళ్ళకి అసలు ప్రమాదం ఇదే, చెట్టు మీద నుంచి పడటం కాదు. లైమ్ జ్వరం సంగతి తెలిసే ఉంటుంది, లోన్ స్టార్ పిడుదు కుడితే కొందరికి మేక, గొడ్డు, పంది మాంసం ఏది తిన్నా ఒళ్ళు దద్దుర్లొచ్చే అలర్జీ పట్టుకుంటుంది, మటన్ బిర్యానీకి జీవితాంతం దూరం అవ్వాల్సి రావొచ్చు. బట్టలకీ బూట్లకీ స్టూలుకీ ముందురోజే పెర్మెత్రిన్ అనే పురుగుల మందు కొట్టి ఆరబెట్టండి, ఆరాక వాసన రాదు, ఒంటి మీద మాత్రం కొట్టుకోకూడదు. బార్‌బెర్రీ ముళ్ళపొదల్లో కూర్చోకండి, పిడుదుల పుట్టలవి. ఇంటికి రాగానే బట్టలు ఉతకడానికి ముందే డ్రయర్‌లో ఎక్కువ వేడి మీద పది నిమిషాలు తిప్పండి, స్నానం చేసేటప్పుడు చెవి వెనక, మోకాలి వెనక, నడుం బెల్టు దగ్గర వేళ్ళతో తడుముకోండి.

మీ స్పాట్ ఏ కౌంటీలో, బాట ఏ దిక్కు నుంచి ఏ దిక్కుకి పోతోందో రాస్తే సీటు ఎక్కడ వేయొచ్చో చూద్దాం.